శత్రువు బిగించిన మరలు

1974లో నేను నంద్యాలలో ఒక చిన్న ఆసుపత్రి ఎక్స్‌రే గదికి అధిపతిని. అధిపతి అంటే, ఆ గదిలో నేను తప్ప ఇంకెవరూ పనిచేసేవారు కాదని అర్థం. బీయస్సీ ఫిజిక్స్ చదివి, లెక్చరర్ ఉద్యోగం కోసం కొన్నాళ్లు ఎదురుచూసి, అది కూడా నాకోసం ఎదురుచూస్తున్నదన్న నమ్మకం సడలాక రేడియోగ్రాఫర్ కోర్సు చేసి ఇందులో పడ్డాను. రేడియోగ్రాఫర్ అంటే ఎక్స్‌రే తీసేవాడు. జనం మాత్రం ‘ఫోటో సారు’ అనేవారు. నా దగ్గర ఫోటో దిగుతూ నవ్వినవారు లేరు. దిగిన తర్వాత చూసుకొని మురిసినవారు అసలే లేరు.

మా సొంతూరు ఆళ్లగడ్డ. శనివారం సాయంత్రం బస్సెక్కి ఇంటికి పోవడం, సోమవారం పొద్దున మళ్లీ బస్సెక్కి నంద్యాల రావడం. ఆళ్లగడ్డలో బస్సు దిగగానే శిల్పుల ఉలి చప్పుడు వినిపించేది. పైకి కనబడనిదాన్ని కనబడేటట్టు చేయడం వాళ్ల పనీ నా పనీ కూడా. కాకపోతే వాళ్లు చేసినదానికి జనం దండం పెట్టేవారు, నేను చేసినదాన్ని చూసి తల పట్టుకునేవారు.

మా మిషను వయసు అది చెప్పలేదు, నేనూ అడగలేదు. వీధి చివర బియ్యం మిల్లు నడుస్తున్నంత సేపూ దానికి కరెంటు చాలేది కాదు. మిల్లు ఆగిందని చెవికి తెలిశాకే ఛాతీ ఎక్స్‌రేలు తీసేవాణ్ణి. ఫిల్మును కేసెట్ అనే పలుచని పెట్టెలో పెట్టి, రోగి ఒంటి కింద ఉంచి, మిషను నొక్కి, ఆ పెట్టెను పక్కనున్న డార్క్‌రూముకు తీసుకుపోతే, అక్కడ ఎర్ర బల్బు కింద అసలు పని మొదలయ్యేది. ముందు డెవలపర్ తొట్టి, అందులో బొమ్మ తేలుతుంది. తర్వాత ఫిక్సర్ తొట్టి, అందులో బొమ్మ నిలుస్తుంది. చివరికి నీళ్లలో కడిగి, తీగకు తగిలించి, ఫ్యాను కింద ఆరబెట్టాలి. ఆరేదాకా రోగి బెంచీ మీద కూర్చోవాలి. ఇప్పటి మిషన్లలో బొమ్మ కంటి ముందే వచ్చేస్తుంది, రోగి కూడా అదే వేగంతో వెళ్లిపోతాడు. ఫిక్సర్ పుల్లటి వాసన ఎక్కడైనా తగిలితే నాకు ఆ బెంచీ, దాని మీద కూర్చున్న మనుషులు గుర్తొస్తారు. అందరికంటే ముందు గుర్తొచ్చేది దేవదానం.

ఆ వేసవిలో ఒకనాడు వచ్చాడు. ఇరవై ఆరు, ఇరవై ఏడేళ్లుంటాయి. కుడికాలు కొద్దిగా ఈడుస్తున్నాడు గానీ వీపు మాత్రం మా గోడకంటే నిటారుగా ఉంది. చేతిలో డాక్టరు చీటీ లేదు.

“నొప్పి యాడుంది?” అన్నాను.

“నొప్పి లేదు సార్.”

“మరి ఎందుకొచ్చినావు?”

“నొప్పి మా మామకు సార్. కాలు నాది.”

కూర్చోమన్నాను. ఇలాంటి కేసు ఎదురుచూసినా దొరకదు.

అతనిది దొర్నిపాడు దగ్గర పల్లె. మిలిటరీలో ఇంజనీర్ల దళంలో జవానుగా ఉండి, 1971 యుద్ధంలో పడమటి సరిహద్దులో కాలు విరిగి శత్రువులకు చిక్కాడు. ఏడాదిపాటు వాళ్ల ఆసుపత్రిలోనూ క్యాంపులోనూ యుద్ధఖైదీగా ఉండి, ఖైదీలను విడిచినప్పుడు తిరిగొచ్చాడు. కాలు కారణంగా మిలిటరీ వాళ్లు ఇంటికి పంపించారు. విరిగిన ఎముకకు ఆపరేషన్ చేసి ప్లేటు వేసింది శత్రువుల డాక్టరు. ప్లేటు అంటే, విరిగిన ముక్కలు కదలకుండా ఎముకను పట్టి ఉంచే లోహపు పట్టీ. మరలతో ఎముకకే బిగిస్తారు.

“మా మేనమామ సామేలు కూతురు మార్తను నాకిచ్చేది చిన్నప్పుడే అనుకున్న మాట సార్. ఇప్పుడు, నీ కాల్లో ఏముందో తేలేదాకా పెండ్లి లేదంటాండాడు.”

“ఏముందంటాడు?”

“రేడియో.”

నేను నా ముఖాన్ని అదుపులో పెట్టుకున్నాను. వృత్తిలో అది మొదటి పాఠం.

“మాట్లాడేది గాదు సార్, వినేది. ఈడ మనం మాట్లాడేదంతా ఆ దేశమోళ్లకు వినబడుతుందంట.”

“మీ మామ ఇంట్లో ఏం మాట్లాడుకుంటారు?”

“సెనక్కాయల రేటు సార్. అది గాకుంటే మా అత్త తిడతా ఉంటాది. అంతే.”

“మీ అత్త తిట్లు వినేదానికి ఒక దేశం ఇంత ఖర్చు పెట్టిందంటావా?”

“నేనూ అదే అన్నా సార్. అప్పటినుంచి మా అత్తకు గూడా నా మీద కోపమే.”

అతనికి కావలసింది వైద్యం కాదు. కాల్లో రేడియో లేదని మామ కంటికి కనబడే సాక్ష్యం. మా ఆసుపత్రి డాక్టరుగారు కాలు చూసి, మచ్చ మీద వేలు నొక్కి, అతికినంత బాగా అతికింది, ఎవడో పనివాడే చేశాడు అన్నారు. ఎక్స్‌రేకు సరేనన్నారు గానీ, ఆ రోజుల్లో ఫిల్ములు మద్రాసు నుంచి రావాలి, వచ్చేవి తక్కువ. రోగం లేని కాలికి ఒక్క ఫిల్ము చాలన్నారు. ఎముకను ఎప్పుడూ రెండు వైపుల నుంచి, ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి తీయాలన్నది మా కోర్సులో చెప్పిన పాఠం. మద్రాసు నుంచి పాఠాలు సులభంగానే వచ్చేవి. ముందు నుంచి ఒక్కటే తీసి తీగకు తగిలించాను. ఆరేదాకా దేవదానం బెంచీ మీద కూర్చొని చెప్పాడు.

“కాలవ గట్టు మీద గుండు పడింది సార్. మావోళ్లు వెనక్కి పోవాల్సొచ్చింది, నన్ను మోసే టయం లేదు. తెల్లారినాక వాళ్లొచ్చినారు. ఒకాయప్ప నా విరిగిన కాలి మీదే తన్నినాడు.”

“దుర్మార్గుడు.”

“అట్లనుకున్నా. నేను అరిచినాక బాటిల్ తీసి నీళ్లు తాపిచ్చినాడు. తన్నినోడూ నీళ్లిచ్చినోడూ ఒక్కడే సార్. బతికుండానా లేదా అని చూసినాడంతే. వాచీ మాత్రం పెరుక్కున్నాడు.”

తర్వాత విచారణ. పేరు, ర్యాంకు, నంబరు తప్ప ఏమీ చెప్పకూడదని మిలిటరీలో నేర్పారు. దేవదానానికి హిందీలో అంతకు మించి చెప్పేటంత శక్తి కూడా లేదు. అడిగే అధికారి విసుగొచ్చి వదిలేశాడు.

“ఆడ రెండు మూడు దినాలు అడిగినారు సార్. వాపసు వచ్చినాక మనోళ్లు ఇంకా కొన్ని దినాలు అడిగినారు. మా ఊర్లో ఇంకా అడుగుతానే ఉండారు.”

డాక్టరు ఒక కెప్టెన్. పేరు తెలియదు, అందరూ ‘కెప్టెన్ సాబ్’ అనేవారు. ఆపరేషన్‌కు ముందు, పొద్దున ఏమైనా తిన్నావా అని అడిగాడట. “యుద్ధం జరుగుతాంటే ఆయప్ప మన డాక్టరు మాదిరే అడిగినాడు సార్. నాకు నవ్వొచ్చింది, నొప్పికి నవ్వలేకపోయినా.” గాయానికి ఒకసారి చీము పట్టింది. కెప్టెన్ సాబ్ రోజూ వచ్చి తానే కట్టు మార్చి, కాలు కదిలించినందుకు తిట్టేవాడు. క్యాంపుకు మారిన తర్వాత అంత సుఖం లేదు. రెండు రొట్టెలు, పప్పు నీళ్లు. సంగటి కలలోకి వచ్చేదట. ఖైదీల లెక్క తప్పిందని ఒక హవల్దారు చలిలో అందరినీ నిలబెట్టేవాడు, కాలు బాగాలేనివాళ్లను కూడా. అడిగేవాడు లేడు. వేరే దేశం వాళ్లు పరిశీలనకు వచ్చిన రోజు మాత్రం పప్పులో పప్పు కనబడేది.

“ఆసుపత్రిలో ఊడ్చే ఆయప్ప మనోడే సార్,” అన్నాడు దేవదానం.

“తెలుగోడా?”

“గాదు, ఏసు భక్తుడు. క్రిస్మస్ నాడు నా మంచం కింద ఊడుస్తా ఊడుస్తా పాట అందుకున్నాడు. మాట ఒక్కటి అర్థం గాలే. రాగం మా చర్చిలో పాడేదే. నేను తెలుగులో అందుకున్నా. అయిపోయినాక జేబులోనుంచి ఇంత బెల్లం ముక్క తీసి నా చేతిలో పెట్టి, మళ్లా ఊడ్చుకుంటా పోయినాడు.”

పంపించే ముందు కెప్టెన్ సాబ్ కాలిని అటూ ఇటూ తిప్పి చూసి, ఇబ్బంది లేకుంటే ప్లేటును జీవితాంతం ఉండనివ్వమన్నాడు. గట్టిగానే బిగించాను, మళ్లీ యుద్ధమొస్తే మాత్రం ఈ కాలితో మా వైపు రావద్దు అని కూడా అన్నాడట.

ఫిల్ము ఆరింది. తెల్లటి ఎముక, దాని మీద ఇంకా తెల్లటి పట్టీ, పట్టీ మీద ఆరు మరల తలలు. దేవదానం దాన్ని బ్రౌను కవర్లో పెట్టుకొని, పెండ్లి పత్రిక తీసుకుపోతున్నవాడిలా పోయాడు.

ఆ ఆదివారం నేను ఆళ్లగడ్డ బస్టాండు ఎదుట హోటల్లో టీ తాగుతుంటే బయట గుంపు కనబడింది. గుంపు మధ్యలో, ఆకాశానికి ఎత్తి పట్టిన నా ఫిల్ము. నా పనికి జరిగిన మొదటి ప్రదర్శన అదే. పట్టుకున్నవాడు తలపాగా చుట్టిన పెద్దమనిషి, బస్సు హారన్ లాంటి గొంతు. పక్కన దేవదానం, విచారణలో నిలబడ్డట్టు నిలబడి ఉన్నాడు. నన్ను చూసి, “మా సామేలు మామ సార్,” అన్నాడు.

“ఫోటో తీసింది నువ్వేనా అప్పా? బాగా తీసినావ్. నా అనుమానం తీర్చినావ్,” అన్నాడు సామేలు.

“సంతోషం. రేడియో లేదని తేలిపోయిందిగదా.”

“ఉండాదని తేలింది. ఇవేందీ?”

“స్క్రూలు.”

“స్క్రూలు యాడ బిగిస్తారు? మూతకు. మా ఇంట్లో ట్రాన్సిస్టర్‌కు ఎనక మూత ఉండాది, దానికీ ఇట్లనే స్క్రూలు. మూత ఉండాదంటే లోపల ఏదో పెట్టి మూసినారనే గదా. ఏమీ లేని దానికి ఎవరన్నా మూత పెడతారా?”

గుంపు తలలూపింది. నేను ఫిజిక్స్ చదివినవాణ్ణి. ఆ వాదనలో తప్పెక్కడుందో వెంటనే దొరకలేదు. ఆ పల్లెలో మరలు బిగించిన రేకు అంటూ ఉన్నది ట్రాన్సిస్టర్‌కు ఒక్కదానికే. ఎముకను ఎముకతో కలిపి బిగిస్తారన్నది వాళ్ల లెక్కలో లేదు.

“సరే, డబ్బా గాకున్నా గూడా,” అని సామేలు గొంతు తగ్గించాడు, “అది శత్రువు ఇనుము. శత్రువు ఇనుము ఒంట్లో పెట్టుకున్నోనికి పిల్లనెట్ల ఇచ్చేది? కోసి తీసేటాయన ఒకాయన ఉండాడు. వచ్చే వారం పిల్చుకొని పోతాండా. ఇనుము బయటికి, పిల్ల ఇంట్లోకి.”

ఆ కోసే ఆయన గురించి నేను విన్నాను. గడ్డలు కోయడంలో పేరున్నవాడు, డాక్టరు చదువు తప్ప అన్నీ ఉన్నవాడు. నాకు టీ చల్లారిపోయింది. మా డాక్టరుగారు మచ్చ మీద వేలు నొక్కినప్పుడు ఇంకో మాట కూడా అన్నారు. ఒకసారి చీము పట్టి మానిన చోటు ఇది, చర్మం ఎముకకు అంటుకొని ఉంది, మళ్లీ తెరిస్తే ఈసారి చీము ఎముకకే పడుతుంది, ప్లేటుతో పాటు కాలు కూడా పోవచ్చు అని. ఆ మాట చెప్పాను.

“మీ డాక్టరు వద్దంటాడు, సరే. ఆయన కూతురునేం ఇచ్చేది లేదు గదా,” అన్నాడు సామేలు.

దేవదానాన్ని పక్కకు పిలిచి అడిగాను. “ఒప్పుకున్నావా?”

“ఒప్పుకున్నా సార్. మార్త ఇంకెన్నాళ్లు చూస్తాది?”

కాలా, పిల్లా అని తూకం వేసి, అతను అప్పుడే ఒక వైపుకు మొగ్గిపోయాడు. ఈ సంగతి ఇక ఫిజిక్సుకే వదిలేయాలనుకొని సామేలు దగ్గరికి తిరిగొచ్చాను.

“అన్నా, ఈ హోటలాయనను చూడు. ముందు నుంచి చూస్తే పొట్ట ఎంతుందో తెలుస్తుందా?”

“తెలీదు.”

“పక్క నుంచి?”

సామేలు పక్కకు జరిగి చూశాడు. హోటలాయన ఊపిరి బిగబట్టాడు.

“తెలుస్తాది,” అన్నాడు సామేలు.

“నేను తీసింది ముందు నుంచి. పక్క నుంచి ఇంకోటి తీస్తా. డబ్బా ఐతే డబ్బా మందం కనబడుతుంది. రేకు ఐతే గీత మాదిరి కనబడుతుంది. నీ ముందరే తీస్తా.”

సామేలు టీ గ్లాసు అందుకొని ఆలోచనలో పడ్డాడు. ఆ కుడిచేతి వెనక చర్మమంతా ముడుచుకుపోయి మచ్చలుగా ఉంది, చిటికెన వేలు వంగడం లేదు. నేను చూడడం గమనించాడు.

“కాలవ నీళ్ల తగాదాలో నాటుబాంబు దెబ్బ. మా చిన్నాయన కొడుకు ఏలియా ఏసినాడు. అప్పుడు వాళ్లు పనిజేసే ఆసామి వేరే, మా ఆసామి వేరే,” అన్నాడు, వాన పడిన సంగతి చెప్పినట్టు.

“ఇప్పుడో?”

“ఇప్పుడేముంది, ఆసాములిద్దరూ రాజీ అయినారు. మేమూ చర్చిలో ఒకే చాప మీద కూర్చుంటాం. మాట్లాడుకోం, అంతే.”

మూడోనాడు నంద్యాలకు వచ్చారు. దేవదానం, సామేలు, వెంట మార్త. మార్త వచ్చి బెంచీ మీద కూర్చొని, టిఫిన్ క్యారియర్ పక్కన పెట్టుకొని, గది తలుపు వైపే చూస్తూ ఉంది. రెండో ఫిల్ముకు డాక్టరుగారిని ఒప్పించడం కష్టం కాలేదు. కోసే ఆయన పేరు చెప్పాను, చాలింది.

దేవదానాన్ని బల్ల మీద పక్కకు తిరిగి పడుకోబెట్టాను. కాలు కదలకుండా మామూలుగా ఇసుక సంచులు పెడతాం. సామేలు ఒప్పుకోలేదు.

“నేను పట్టుకుంటా. సంచులకేం తెలుసు?”

రోగిని పట్టుకునేవారికి సీసపు కోటు తొడగాలి. కిరణాలు తగలకుండా లోపల సీసం రేకు కుట్టిన కోటు అది, మోయడానికి దున్నపోతు బలం కావాలి. సామేలు దాన్ని తొడుక్కొని, సైన్యాధిపతిలా నిలబడి, మేనల్లుని మడమ గట్టిగా పట్టుకున్నాడు. సీసపు గ్లవ్ కూడా ఒకటుండాలి. మాది చిరిగిపోయి, కొత్తదానికోసం రాసుకున్న కాగితం దగ్గర ఆగి ఉంది.

“చేయి ఫిల్ము మీదికి రాకూడదు. కదలకూడదు.”

“నువ్వు నొక్కప్పా.”

నేను మిల్లు ఆగేదాకా ఆగి, సీసం బిగించిన తడిక వెనక్కి పోయి నొక్కాను. సరిగ్గా ఆ క్షణంలో, లోపలున్నది తప్పించుకొని పోతుందని అనుకున్నాడో ఏమో, సామేలు ముందుకు వంగి పట్టు మార్చాడు.

కేసెట్ తీసుకొని డార్క్‌రూముకు పోతుంటే సామేలూ వెంట వచ్చాడు. చీకట్లో నేనేం మారుస్తానోనని. తలుపు వేసి ఎర్ర బల్బు వేశాను. ఫిల్మును డెవలపర్‌లో ముంచి, కాసేపాగి, పైకెత్తి చూపించాను. డెవలపర్‌లో ముందు వచ్చేది నలుపు. అది కమ్ముకునే కొద్దీ, కిరణాలు దూరలేని చోటు తెల్లగా మిగిలిపోతుంది. ఎముక వచ్చింది. ఎముకను అంటుకొని సన్నటి గీత. గీత నుంచి ఎముకలోకి ఆరు మరలు, దువ్వెన పళ్లలా.

సామేలు ముక్కు ఫిల్ముకు తగిలేటంత దగ్గరికి వచ్చాడు.

“మూత కింద ఏం లేదే,” అన్నాడు. అతని గొంతులో కొంచెం నిరాశ కూడా ఉంది.

“రేకే. ఎముకకు ఆనుకొని ఉంది. రేడియో కాదుగదా, చీమ దూరే సందు లేదు.”

“ఊఁ. రేకు పని బాగా చేసినాడు.” ఇంకాసేపు చూశాడు. “ఈ చెయ్యెవరిదప్పా?”

ఫిల్ము కింది మూల నుంచి నాలుగు వేళ్లూ సగం అరచేయీ లోపలికి వచ్చి ఉన్నాయి. వేళ్ల ఎముకల మధ్య, అరచేతి ఎముకల మీద తెల్లటి ముక్కలు. కొన్ని జొన్నగింజలంత, ఒకటి మాత్రం పొడుగ్గా, మొన విరిగిన మేకు.

“నీదే అన్నా. వంగినావు గదా.”

“ఇవేందీ, చల్లినట్టు?”

సామేలు తన కుడిచేతిని ఎర్ర వెలుతురులోకి ఎత్తి ఒకసారి దాన్ని చూశాడు, ఒకసారి ఫిల్మును చూశాడు. మేనల్లుని కాల్లో ఇనుము ఒక వరసలో, కొలిచి పెట్టినట్టు ఉంది. అతని చేతిలో ఇనుము ఎటుపడితే అటు ఉంది.

“అన్నీ తీసినాం అన్నారే ఆ పొద్దు,” అన్నాడు.

“తీయగలిగినవి తీసుంటారు. మిగతావి తీయాలంటే చేయి చెడుతుందని వదిలేసుంటారు.”

“ఇన్నేండ్లు ఈ చేత్తోనే అన్నం తింటాండా. ఏలియా పక్కన కూర్చొని ఏసు రొట్టె గూడా ఈ చేత్తోనే తీసుకుంటాండా.” బస్సు హారన్ లాంటి ఆ గొంతు ఇప్పుడు పక్క గదికి కూడా వినబడనంత తగ్గిపోయింది. “వాడు మా చిన్నాయన కొడుకప్పా. ఒక ఇంట్లో పెరిగినోళ్లం.”

ఫిల్మును ఫిక్సర్‌లో వేశాను. సామేలు తొట్టి అంచు పట్టుకొని నిలబడిపోయాడు. బయటికి పోదామంటే, “రొంత సేపు ఉంటా ఈడ,” అన్నాడు. చీకటి మా డార్క్‌రూములో దొరికే వసతుల్లో ఒకటి. ఉండమని నేను బయటికి వచ్చాను.

మార్త లేచి నిలబడింది. “ఏముందంటాండాడు మా నాయన?”

“రేకు మాత్రమే ఉందని ఒప్పుకున్నాడు.”

“అది నాకు ముందే తెలుసు. కోయిచ్చేది యాడికి వచ్చింది, అది చెప్పండి. కాలు పోయినాక ఇనుముంటే ఏంది, లేకుంటే ఏంది? నేను చేసుకునేది మనిషిని, రేకును గాదు.”

దేవదానం ఫ్యాను వైపు చూస్తున్నాడు. యుద్ధంలో చూడని ధైర్యం చూసినట్టుంది ముఖం.

సామేలు బయటికి వచ్చాడు. కండువాతో ముఖం తుడుచుకొని, అదే కండువాతో కుడిచేయి కూడా తుడిచాడు. మేనల్లుని ముందు నిలబడ్డాడు.

“ఆ డాక్టరు పేరేంది రా?”

“తెలీదు మామా. కెప్టెన్ సాబ్ అనేవాళ్లం.”

“పేరు అడగాలని లేదా నీకు? ఏడాది ఉంటివి.”

“ఖైదీలు అడగగూడదు మామా.”

“ఊఁ.” టిఫిన్ క్యారియర్ తీసి మేనల్లుని చేతికిచ్చాడు. “తిను. బేగా తిను, బస్సుండాది. కోయిచ్చేది లేదు. ఇంటికి పోతూ పాస్టరయ్యను కలిసి పోదాం.”

క్యారియర్ మూత తీయడానికి దేవదానం తంటాలు పడుతుంటే మార్తే అందుకొని తీసింది.

తడి ఫిల్మును డాక్టరుగారికి చూపించాను. నియమం ప్రకారం అది చెడిపోయిన ఫిల్ము. పరాయి చేయి పడితే కొట్టేసి మళ్లీ తీయాలి. దాన్ని మేము ‘రిపీట్’ అంటాం. రేడియోగ్రాఫర్ పనితనానికి అది మచ్చ.

“ఈ చెయ్యి ఎవరిది?” అన్నారు.

“మేనమామది సార్. రిపీట్ తీయమంటారా?”

డాక్టరుగారు ఫిల్మును కిటికీకి ఎత్తి మా మిల్లు ఒక విడత ఆగి మళ్లీ మొదలయ్యేంత సేపు చూశారు. “వద్దులే,” అన్నారు. “ఇంతకంటే బాగా రాదు.”

పెండ్లి ఆ ఏడాదే జరిగింది. నేను వెళ్లలేకపోయాను, భోజనం మాత్రం క్యారియర్‌లో నంద్యాల వచ్చింది. ఆ తర్వాత ఏటా ఒకటి రెండుసార్లు దేవదానం వచ్చి, ఏ రోగమూ లేకుండా నా బెంచీ మీద కూర్చొని పోయేవాడు.

1980 ఫిబ్రవరిలో వాళ్ల రెండో బిడ్డ బాప్తిస్మానికి పిలిస్తే ముందురోజే దొర్నిపాడు వైపు వెళ్లాను. ఆ మధ్యాహ్నం సూర్యగ్రహణం, చాలావరకు సూర్యుణ్ణి మింగేసే గ్రహణం. ఊళ్లో సగం ఇండ్లు తలుపులు బిడాయించుకున్నాయి. సామేలు ఇంటి ముందు మాత్రం తిరనాళ్లలా ఉంది. మధ్యలో, చేయి పడిన ఆ ఫిల్ము. ఆరేళ్లుగా సామేలు ఇంట్లో దాని చోటు ట్రాన్సిస్టర్ పక్కన. ఎక్స్‌రే ఫిల్ముతో సూర్యుణ్ణి చూడడం కంటికి మంచిది కాదని చెప్పవలసిన ఉద్యోగం నాది. చెప్పాను. ఎవరూ వినలేదు. కాసేపటికి నేనూ వరసలో నిలబడ్డాను.

కాలికీ చేతికీ నడుమనున్న నల్లటి భాగంలో నుంచి చూడాలి. అక్కడ సూర్యుడు కొడవలిలా సన్నబడుతున్నాడు. ఒకరి తర్వాత ఒకరు చూస్తున్నారు. వీధికి అవతల అరుగు మీద ఒక నడివయసు మనిషి ఒంటరిగా, అరచేయి అడ్డం పెట్టుకొని, తలెత్తుతూ దించుతూ ఉన్నాడు. “ఏలియా,” అన్నాడు దేవదానం నా చెవిలో.

సామేలు ఫిల్ము తీసుకొని వీధి దాటాడు. అతని చేతిలో పెట్టాడు. ఏలియా దాన్ని కళ్లకెత్తుకున్నాడు. చూస్తూ చూస్తూ ఫిల్మును కొంచెం కిందికి దించాడు.

“ఈ చుక్కలేందీ?” అన్నాడు.

“నువ్వు పెట్టినవే,” అన్నాడు సామేలు. “అవి యాడికి పోతాయ్. సూర్యుణ్ణి చూడప్పా, బేగా. అయిపోతాది.”

ఏలియా ఫిల్మును మళ్లీ పైకెత్తాడు. గ్రహణం విడిచిన తర్వాత కూడా చాలాసేపు దించలేదు.

ఎముకను రెండు వైపుల నుంచి చూడకుండా మాట చెప్పకూడదని నాకు కోర్సులో నేర్పారు. ఆ కేసు తర్వాత, ఫిల్ములు ఎంత కరువైనా, ఆ నియమం తప్పలేదు. ఇంకొకటి కోర్సులో లేనిది, నా అంతట నేనే నేర్చుకున్నాను. ఎవరు పెట్టినా ఇనుము ఫిల్ము మీద తెల్లగానే పడుతుంది. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో చూపించే మిషను నా సర్వీసు అయ్యేదాకా రాలేదు. అది కావాలంటే మనిషినే అడగాలి, ఫిల్ము ఆరేదాకా బెంచీ మీద కూర్చోబెట్టి.